తెర మీది సాంబ్రాణి

దెయ్యాలను నేను నమ్మను. నిజంగా ఉంటే, తొమ్మిదో క్లాసులో లెక్కల మాస్టారి బెత్తం నుంచి ఒక్కటైనా నన్ను కాపాడేది. అప్పుడు మానేసిన బడి గడప మళ్లీ తొక్కలేదు. ఇప్పుడు అమెరికాలో, క్యారీ అనే ఊళ్లో మా ఆవిడది సాఫ్ట్‌వేర్, నాది వంటింటివేర్. చదువుకున్నవాళ్లు తర్వాత నన్ను పిచ్చివాడనుకోకుండా ముందే చెప్పేస్తున్నాను.

మా అపార్ట్‌మెంట్స్‌లో రషీదా ఆంటీ ఉంటారు. హైదరాబాదీ. వాళ్ల నాన్న ఒకప్పుడు బొంబాయి స్టూడియోల్లో పొగ వేసేవారు. ఒక పాత నలుపు తెలుపు ఉర్దూ ప్రేమ సినిమాలో, తెల్లవారుజామున వంతెన మీద హీరో హీరోయిన్లు విడిపోయే సీను ఉంది. అందులో పొగమంచంతా ఆయన వేసిన సాంబ్రాణే. నేల మీద కూర్చుని, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, విసనకర్రతో విసిరేవారట. హీరోయిన్ కళ్లు మండి నిజంగానే ఏడ్చిందట. గ్లిజరిన్‌తో పనే పడలేదు.

ఒక షాట్‌లో ఆ విసనకర్ర పట్టిన చెయ్యి పొరపాటున తెర కింది అంచులో కనబడింది. ఆంటీ దగ్గర, ఎప్పుడో పోయిన ఆ తండ్రి ఫొటో ఒక్కటీ లేదు. చిన్నప్పుడు హాల్లో చూసిన ఆ చెయ్యే ఆమెకు ఫొటో. దాన్ని ఇంకొక్కసారి చూడాలని ఆమె కోరిక.

మా ఆవిడ ఎక్కడెక్కడో గాలించి ఆ సినిమా పట్టుకుంది. ఆదివారం మధ్యాహ్నం క్లబ్‌హౌస్‌లోని పెద్ద టీవీలో పెట్టాం. పదిమంది దాకా వచ్చారు. నాకు ఉర్దూ ముక్క రాదు. అయినా నోరు మూతపడింది. అది మా అత్తగారి వల్ల కూడా కాని పని! రంగే లేని ఆ హీరోయిన్ మొహంలో ఎన్ని రంగులో. దీపం కాస్త పక్కకు జరిగితే చాలు, సంతోషం కాస్తా దిగులైపోయేది.

వంతెన సీను వచ్చింది. ఆంటీ కుర్చీ ముందుకు జరుపుకున్నారు. పొగమంచు వచ్చింది, హీరోయిన్ వచ్చింది, చెయ్యి రాలేదు. ఇప్పటి టీవీలకు సరిపోయేలా బొమ్మను పైనా కిందా కోసేశారు. వెనక్కి తిప్పి మళ్లీ చూశాం. లేదు.

"పోనీలే బేటా," అన్నారామె. "మా అబ్బాకి ఫొటో దిగాలంటే ఫస్ట్ నుంచీ సిగ్గే."

ఊరికే కూర్చోలేక ఇంకోసారి పెట్టాను.

అప్పుడు వాసన వచ్చింది. సాంబ్రాణి. "ఎవరండీ పూజ చేస్తోంది?" అని మా ఆవిడ చుట్టూ చూసింది. అంతలో సీలింగ్‌కున్న పొగ అలారం మోగింది.

అమెరికాలో పోపు పెట్టినా అలారం ఏడుస్తుంది. దానితో నాకు రోజూ యుద్ధమే. కానీ ఆ క్లబ్‌హౌస్‌లో స్టవ్ లేదు, అగ్గిపెట్టె లేదు. పొగ కూడా లేదు, తెర మీద తప్ప.

ఫైరింజన్ వచ్చింది. ఆఫీసరు గదులన్నీ, పైకప్పుతో సహా చూశాడు. అలారం బాగానే ఉందన్నాడు. మా ఆవిడ చుట్టుపక్కల ఫ్లాట్లన్నీ అడిగొచ్చింది. ఎవరూ అగరొత్తి కూడా వెలిగించలేదు. కానీ వాసన ఆఫీసరుకూ తగిలింది.

"ఇక్కడ ఏదో కాల్చారు. ఎవరు?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"మై ఫాదర్," అన్నారు ఆంటీ, తలెత్తి.

"ఆయన్ని పిలవండి. మాట్లాడాలి."

ఆంటీ కళ్లు మూసుకుని ఒకసారి గట్టిగా గాలి పీల్చారు. ఆ మొహంలో నవ్వుంది, కన్నీళ్లూ ఉన్నాయి.

"పనైపోయింది, పోయిండు అని చెప్పు బేటా," అన్నారు నాతో.

ఆ ఆఫీసరుకు ఏం చెప్పాలో నాకు ఇంగ్లీషులోనే కాదు, తెలుగులోనూ తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.