తెరకు వీపు పెట్టి

వాద్యబృందంలో ఆవిడని అందరూ ఎందుకమ్మ అనేవారు. ముందు నవ్వులాటకి పెట్టిన పేరే. పోనుపోను హాజరు పిలిచే మనిషి నోట్లోనూ అదే స్థిరపడింది. సినిమాలకి నేపథ్య సంగీతం వాయించేచోట ఫ్లూటు ఆవిడ వృత్తి. ఏది కనబడినా ఎందుకని అడగడం ఆవిడ స్వభావం.

ఒకచోట నిలిచే కాలు కాదు నాది. అలాంటివాణ్ణి ఆ ఊళ్లో చలికాలమంతా ఉండిపోయానంటే పైవాటా వాళ్ల పుణ్యమే. ఎందుకమ్మ, కాజాలు కుట్టే ఆవిడ అత్తగారు, లిఫ్టులు బాగుచేసే భర్త. ఊళ్లో లిఫ్టులన్నీ ఆయన చేతిమీదుగా నడిచేవి, ఆయన ఇంటికి మాత్రం మెట్లే గతి. ఆ మెట్లు ఈల వేసుకుంటూ ఎక్కేవాడు.

రికార్డింగు హాలు సంగతి మొదట ఆవిడ చెబితే నమ్మలేదు. సంగీత దర్శకుణ్ణి అక్కడ మాస్టారంటారు. మాస్టారికి ఎదురుగోడ మీద తెర ఉంటుంది, దాని మీద సినిమా నడుస్తుంది. వాయించేవాళ్లంతా మాస్టారి చేతివంక చూడాలి కనక తెరకి వీపు పెట్టి కూర్చుంటారు. వాయించే ముక్కల్ని బిట్లంటారు, అవీ కథ వరసలో రావు. పెళ్లికి వాయిస్తున్నారో చావుకి వాయిస్తున్నారో తెలియకుండానే వాయించి, ఫ్లాస్కులో టీ తాగి ఇంటికి పోతారు. వెనక్కి తిరిగి చూడటం మర్యాద కాదు. అందరికీ అది అలవాటైపోయింది, ఈవిడకి తప్ప.

ఆ చలికాలం వాయిస్తున్న సినిమాలో ఒక చిన్న స్వరాల వరస పదేపదే వచ్చేది. ఒకరోజు గంతులేస్తూ, ఇంకోరోజు వయొలిన్ల మధ్య నెమ్మదిగా, మరోరోజు సగంలో తెగిపోయి. ఇదే మళ్లీ మళ్లీ ఎందుకొస్తోందని పక్కన సెల్లో అనే పెద్ద వయొలిన్ వాయించే పెద్దాయన్ని అడిగిందట. ఆయన్ని అందరూ బాబాయి అంటారు.

"కొత్తది తట్టకపోతే పాతదే వేడిచేసి వడ్డిస్తారమ్మా. నువ్వు తినేసి లే."

ఆవిడకి ఆ జవాబు ఆనలేదు. నాకూ ఆనలేదు. ఒకప్పుడు ఒక రేవులో కొన్నాళ్లున్నాను. పడవ బయలుదేరే ముందు గంట కొట్టేవాళ్లు. వచ్చిన రోజు అది వట్టి గంట. తెలిసినవాళ్లని ఇద్దరు ముగ్గుర్ని ఎక్కించాక అదే గంట వింటే కాళ్లు ఆగిపోయేవి. గంట మారలేదు కదా, మరి మారిందేమిటి? పుస్తకాల్లో వెతికాను. పెద్ద పెద్ద మాటలు దొరికాయి, జవాబు దొరకలేదు.

సరే, అసలు విషయానికొస్తాను. ఆ సినిమా చివరి బిట్టు ఫ్లూటు ఒక్కటే. ఇన్నేళ్లూ పదిమందిలో కలిసి వాయించిన మనిషికి మొదటిసారి ఒంటరిగా, పక్కన ఏ వాద్యమూ లేకుండా వాయించే అవకాశం. ఆ ఉదయం మైకులు సర్దుతూ మాస్టారి కోసం తెర మీద ఆ ఘట్టం వేశారు. మన ఎందుకమ్మ వెనక్కి తిరిగి చూసేసింది.

తెర మీద ఒక వీధి. ఒకావిడ తన పిల్లకి పాత సైకిలు నేర్పుతోంది, సీటు పట్టుకుని వెనకాలే పరిగెడుతోంది. వెనక ఇంట్లో గోడ మీద దండ వేసిన ఫొటోలో ముసలాయన. అంతే, ఎందుకమ్మకి మొత్తం అర్థమైపోయింది. గంతులేసిన బిట్టు, ఆ ముసలాయన వయసులో ఉన్నప్పుడు కూతురికి, అంటే తెర మీదావిడకి, ఇదే సైకిలు నేర్పిన రోజుది. తెగిపోయిన బిట్టు ఆయన పోయిన రోజుది. ఫ్లూటు వాయిస్తూ తనే ఇన్నాళ్లూ ఆయన వెనకాల నడుస్తూ వచ్చింది, తెలియకుండానే.

ఫ్లూటు ఎత్తేసరికి ఊపిరి వణికింది. మాస్టారు ఆపమన్నట్టు చెయ్యి దించేశారు. మళ్లీ వాయించింది, మళ్లీ దించేశారు.

"వెనక్కి చూశావా?" అన్నారాయన.

"చూశానండీ."

"అందుకే ఏడుపు వినబడుతోంది. ఏడ్చేపని చూసేవాళ్లది, వాళ్లకి వదిలెయ్. మొదటిరోజు ఏమీ తెలియనప్పుడు వాయించావే, ఆ మనసుతో వాయించు."

మొదటిరోజు రికార్డు చేసింది తెచ్చి ఇక్కడ అతికిద్దామంటే తాళం నడక వేరు, కుదరదు. పాపం ఆవిడ వాయిస్తున్న కొద్దీ వరస బరువెక్కిపోయింది. రేపు పొద్దున ఇంకోసారి చూద్దాం, రాకపోతే వేరే మనిషిని పిలవక తప్పదు, ఏమీ అనుకోకు అన్నారట మాస్టారు. కోప్పడి ఉంటే బాగుండేదని ఆవిడ బాధ.

సాయంత్రం పంచదారకని పైకి వెళ్లి అక్కడే కూర్చుండిపోయాను. ఆవిడ వాయిస్తోంది, ఆపుతోంది, చిరాకుపడుతోంది. తెలిసినదాన్ని తెలియనట్టు వాయించడం ఎలాగండీ అని నన్నడిగితే, నేను చదివినవేవో చెప్పబోయాను. అత్తగారు సూదికి దారం ఎక్కిస్తూ, "ఆయన మాటలాపమ్మా, కాజా వంకర పోతోంది," అంది.

అంతలో మెట్ల మీద ఈల. ఎగిరి పడుతున్నట్టుండే పొట్టి వరస, రోజూ ఉండేదే. ఎందుకమ్మ లేచి గడియ తియ్యబోతూ ఆగింది. అత్తగారి సూది గుడ్డలో సగం దిగి అక్కడే నిలిచిపోయింది. ఈల ఆగాక మళ్లీ కదిలింది. మనిషింకా కింది మలుపులోనే ఉన్నాడు.

"ఎందుకత్తయ్యా, ఈల వినబడితే కుట్టడం ఆపుతారు?"

పెద్దావిడ తల ఎత్తలేదు. "అది మీ మామగారి ఈల. గడియ తియ్యమని కిందనించే వేసేవారు. ఆయన పోయేనాటికి వీడికి మాటలు కూడా రావు."

"ఈయనకి తెలుసా?"

"వాడికేం తెలుసు? ఆకలేసి వేస్తాడు. చెప్పకు. తెలిస్తే రేపట్నించి జాగ్రత్తగా వేస్తాడు. అప్పుడిక అది ఆయనది కాదు."

తలుపు తీశాక లోపలికొచ్చిన మనిషి మా ముగ్గురి మొహాలూ చూసి, "ఏమిటలా చూస్తారు? ఎక్కడైనా లిఫ్టాగిందా?" అన్నాడు. కంచం పెట్టించుకుని తినేశాడు.

మర్నాడు హాల్లో జరిగింది ఆవిడ చెప్పగా విన్నదే. తెరకి వీపు పెట్టి నిలబడింది. సైకిలు గురించీ ఫొటో గురించీ ఆలోచించలేదు. బాగా ఆకలేసిన మనిషి ఒకడు మెట్లెక్కుతున్నాడు, పైన ఎవరో ఉన్నారు, గడియ తీస్తారు. అంతే అనుకుని వాయించింది. ఆఖరి స్వరం మీద ఊపిరి వణకలేదు. మాస్టారి చెయ్యి చివరిదాకా దిగలేదు.

కానీ ఆ టేకు పనికిరాలేదు. ఆ బిట్టులో పనిలేక ఊరికే కూర్చున్న బాబాయి ముక్కు చీదిన చప్పుడు మైకులో పడింది. మాస్టారు ఆయన్ని నాలుగు దులిపి మళ్లీ వాయించమన్నారు.

"రెండోసారీ అలాగే వచ్చిందా?" అన్నాను.

"రాకేం? గడియ ఇంకా తియ్యలేదు కదండీ," అంది.

అదే సినిమాలోకి వెళ్లింది. అయితే ఆవిడకి ఇంకో ప్రశ్న మిగిలిపోయింది. బాబాయి ఏనాడూ వెనక్కి తిరగలేదు, ఆయనకి కథ తెలియదు. మరి ఎందుకేడ్చినట్టు? అడిగిందట. ఆయన సెల్లో తుడుచుకుంటూ, "ఏమోనమ్మా. ఇన్నాళ్లూ మన మధ్య ఎవరో తిరిగారు, ఇవాళ కనబడలేదు. అలా అనిపించింది," అన్నాడట. రేవు గంట గురించి పుస్తకాల్లో దొరకనిది నాకు ఆ మాటలో కొంత దొరికింది. పూర్తిగా దొరికిందని మాత్రం అనను.

ఆ సాయంత్రం కూడా నేను పైనే ఉన్నాను. మెట్ల మీద ఈల వినబడింది. పెద్దావిడ సూది ఆగింది. ఎందుకమ్మ గబగబా వెళ్లి గడియ మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి కూడా, ఈల పూర్తయ్యేదాకా, అక్కడే ఉండిపోయింది.

తలుపు కింద ఆవిడ నీడ చూసి బయటనించి భర్త, "తలుపు దగ్గరే ఉండి తియ్యవేం? ఎందుకు?" అన్నాడు.

"ఊరికే," అని గడియ తీసింది ఎందుకమ్మ.