పోస్టుకార్డులో పట్టని పేరు

బుధవారం ఉదయం ఏడుంబావుకు చోడవరంలో విశాఖపట్నం బస్సెక్కాను. పని ఒక్కటే: ఎఫ్ఎం స్టేషనుకు వెళ్లి ఖాదర్ మావయ్య పేరు రేడియోలో చదివించాలి. అదీ శుక్రవారం లోపల. కళ్లు ఆనడం లేదని ఆయన శుక్రవారం కొట్టు ఎత్తేసి అనకాపల్లిలో కూతురింటికి వెళ్లిపోతున్నాడు.

మావయ్యది రేడియో రిపేరు కొట్టు. పక్కనే మా కిరాణా. రెంటికీ మధ్య ఒక్కటే గోడ. విశాఖలో ఎఫ్ఎం పెట్టిన కొత్తలో మా వీధికి పాట కంటే గరగరే ఎక్కువ అందేది. మావయ్య వెదురు బొంగుకు రాగితీగ చుట్టి మా డాబా మీద నిలబెట్టాడు. అంతే, పాట గరిటె మీంచి నెయ్యిలా జారింది. ఆ సంబరంలో మా నాన్న వీధిలో అందరి పేర్లూ రాసి, పాట కోరుతూ స్టేషనుకు ఉత్తరం పంపాడు. కవరు దండగని పోస్టుకార్డు మీద రాశాడు. అంచుల దాకా పేర్లు నిండాక, బొంగు నిలబెట్టిన మనిషి పేరుకు చోటు మిగల్లేదు. రేడియోలో వీధంతా వినబడింది, ఖాదర్ తప్ప. అప్పటి నుంచి ఇరవై ఏళ్లుగా గోడకు అటొకరు, ఇటొకరు. మాటల్లేవు.

మొన్న నేను రాయబారానికి వెళ్తే మావయ్య చేతిలో పని ఆపకుండానే అన్నాడు: "రేడియోలో పోయిన పేరు రేడియోలోనే రావాల్రా. మీ నాన్న బెల్లమ్ముక్క పంపిస్తే రాదు."

నాన్ననడిగితే, "కార్డులో సోటు లేదురా, నన్నేటి సెయ్యమంటావు?" అన్నాడు. కానీ శుక్రవారం కబురు విన్నప్పటి నుంచి పప్పు తప్పుగా తూస్తున్నాడు. అదీ ఎక్కువ తూస్తున్నాడు. మా వంశంలో దుఃఖానికి ఇంతకన్నా పెద్ద గుర్తు లేదు.

బస్సులో నా పక్కన వడ్డాది సంతలో కూరగాయలమ్మే ఆవిడ కూర్చుంది. కండక్టరు ఆవిడకు ఆడవాళ్ల కిచ్చే సున్నా టికెట్టిచ్చి, నా దగ్గర డబ్బు తీసుకున్నాడు. ఒక్క మాట బేరమాడకుండా ఉచితమా అని ఆ టికెట్టు వైపే చూస్తున్నాను.

"ఏటి బాబూ, అలగ సూస్తన్నావు?"

"ఏం లేదమ్మా, మీ అదృష్టం."

"మరయితే నువ్వూ సీర కట్టుకొని రాలేపోయేవా?"

సబ్బవరం దాకా నవ్వులే.

తొమ్మిదింబావుకు విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగాను. రెండిడ్లీకి మూడుసార్లు చట్నీ వేయించుకున్నాను. తిరుగు ప్రయాణంలో ఫోన్లో రేడియో వినడానికి ఫుట్‌పాత్ మీద ఇయర్‌ఫోన్లు కొన్నాను. నూటయాభై చెప్పినవాడిని డెబ్బైకి దించి, విజయగర్వంతో ఆటో ఎక్కాను. ఆటోవాడు నలభై అన్నాడు, నలభైయే తీసుకున్నాడు.

స్టేషను ఒక బట్టల షోరూము పైన మూడో అంతస్తు. పదకొండు దాకా కూర్చోబెట్టాక పద్మగారు వచ్చారు. మొదటి రోజు నుంచీ ఉన్న అనౌన్సరు ఆవిడే.

"అప్పుడు రెండు గదులు, ఒక్క మైకు. వీధి చప్పుడు రాకుండా గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించాం. ఉత్తరాలు గోనెసంచుల్లో వచ్చేవి. తర్వాత ఫోన్లు, తర్వాత మెసేజీలు. ఇప్పుడు పాటల వరస కంప్యూటరే చూసుకుంటుంది. నేను మధ్యమధ్యలో నవ్వుతాను, అంతే."

కిరాణా కొట్టు సూపర్‌బజారైన కథే ఇదీ. సరుకు పెరిగింది, పేరు పెట్టి పిలిచే మనిషి తగ్గాడు.

నా పని చెప్పాను.

"చోడవరం కార్డులా! పాట కంటే పేర్లే పొడుగు. ఊపిరందేది కాదు బాబూ. పేర్లు చదవడం ఎప్పుడో మానేశాం. యాడ్ అయితే సెకన్ల లెక్కన రేటు."

బేరం మొదలైంది. నేను వీధంతా అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. అయిదు పేర్లన్నాను. మళ్లీ ఊపారు. చివరికి వెదురు బొంగు కథ మొత్తం చెప్పాను.

"ఒక్క పేరు," అన్నారావిడ. "అదీ ఆ బొంగు మొహం చూసి. నాలుగింటికి."

"మరి కొసరు?"

"ఏంటీ?"

"కొసరు లేకుండా చోడవరం వాడు మెట్లు దిగడు మేడమ్."

నవ్వేసి, పేరుతోపాటు ఒక్క వాక్యం ఇచ్చారు. ఆ వాక్యం ఏదో నేనే చెప్పి, ఇంటికి ఫోన్ చేసి నాలుగింటికి రేడియో పెట్టమన్నాను. మావయ్యకు చెప్పక్కర్లేదు. కోపం మనిషి మీదే గాని స్టేషను మీద కాదు. ఆయన కొట్లో రేడియో ముల్లు ఇరవై ఏళ్లుగా ఆ స్టేషను దగ్గరే ఉంది.

మూడింటి బస్సులో తిరుగుముఖం పట్టాను. నాలుగవుతుండగా ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఒక చెవే పనిచేసింది. డెబ్బైకి ఒక చెవి, లెక్క సరిపోయింది. సబ్బవరం దాటుతుండగా పద్మగారి గొంతు వచ్చింది: "ఈ పాట చోడవరం రేడియో మెకానిక్ ఖాదర్ గారికి. వెదురు బొంగుకు రాగితీగ చుట్టి, మా గొంతును ఆ వీధికి తెచ్చింది ఆయనే."

పాట ఎత్తుకుంటుండగానే ఫోన్ మోగింది. నాన్న.

"ఒరే, ఇన్నానురా."

"ఎలగుంది నాన్నా?"

"ఏటెలగుంది? వాడి పేరొచ్చింది, బొంగొచ్చింది, రాగితీగా వచ్చింది. నా పేరేదిరా?"

కొసరు వాక్యంలో నాన్న పేరు దూర్చవచ్చని నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

"సోటు లేదు నాన్నా," అన్నాను.

అవతల ఎవరో దగ్గొచ్చేలా నవ్వారు. ఫోన్ చేతులు మారింది. నాన్న రేడియో విన్నది గోడకు అవతలి కొట్లోనన్నమాట. "మీ నాన్న పేరు కోసం మళ్లీ ఎల్లకురా," అన్నాడు ఖాదర్ మావయ్య. "ఆణ్ని కూడా ఓ ఇరవై ఏళ్లు ఆగమను."

అయిదింటికి దిగేసరికి ఇద్దరూ రిపేరు కొట్లో ఒకే బల్ల మీద కూర్చుని, ఆ బొంగు పొడవెంతని దెబ్బలాడుకుంటున్నారు. శుక్రవారం ప్రయాణం ఆగలేదు; మూటలు కట్టేసే ఉన్నాయి.

"అనకాపల్లికి శనివారం మొదటి బస్సెన్నింటికిరా?" అన్నాడు నాన్న.

చెప్పాను. టికెట్టెంతని అడుగుతాడని నిలబడ్డాను. అడగలేదు.