ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకునే మేడమ్

మా ఫిజిక్స్ మేడమ్ పోయారన్న వార్త మా స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో, ఆదివారం టెస్టు టైంటేబులుకూ ఎవరిదో పుట్టినరోజు కేకుకూ మధ్యన వచ్చింది. దండం పెట్టే బొమ్మలు వరసగా పడ్డాయి. వాటి కింద ఒకాయన రాశాడు: "ఆ కరెంటు మిషన్ తోటే అయ్యుంటది. ఎప్పటికైనా గట్లనే అయితదని నేను ముందే అన్న." మధ్యాహ్నానికల్లా దిల్‌సుఖ్‌నగర్‌లోని మా కోచింగ్ కాలేజీలో ఆ మాటే ఖాయమైపోయింది. ఆవిడ పోయింది గుండెనొప్పితో, సైదాబాద్‌లో ఇంటి దగ్గరి దవాఖానలో. మనిషిని ఇంకా ఇంటికి తీసుకురానేలేదు, వీళ్లు కారణం తేల్చేశారు. నాకు ఒళ్లంతా కంపరమెత్తింది. ఇది రాస్తున్నది కొంత ఆవిడ మీది అభిమానంతో, ఎక్కువ ఆ రోత కడుపులో పెట్టుకోలేక.

ఆ మిషన్ సంగతి చెప్పాలి. మా పిల్లలు, కరెంటును పోగుచేసి దాచుకునే కెపాసిటర్ మీద లెక్క ఇస్తే ప్రశ్న పూర్తిగా చదవకముందే జవాబు గీసేస్తారు. ఒకరోజు మేడమ్ క్లాసులో, "అసలు కెపాసిటర్ని కళ్లతో చూసిన వాళ్లెవరు?" అని అడిగారట. నిండు క్లాసు తలలు దించుకుంది. స్టాఫ్ రూముకొచ్చి కుర్చీలో కూలబడ్డారు.

"నాలుగు గళ్లలో ఒకటి నింపడానికే పుట్టారా మాస్టారూ ఈ పిల్లలు? నాకు అన్నం సయించడం లేదండీ."

నేను కెమిస్ట్రీ చెప్తాను. మాది నల్గొండ వైపు, ఆవిడది గుంటూరు. "ఈడ అంతా గింతే మేడం, పరేషాన్ గాకుండ్రి" అన్నాను. ఆవిడ నా వైపు చూసిన చూపుకి నా చాయ్ చల్లారిపోయింది.

ఆ ఆదివారం నుంచి కోఠిలో పాత సామాన్ల దుకాణాల చుట్టూ తిరిగారు. పాత యంత్రాల్లోంచి ఊడదీసిన పెద్ద పెద్ద కెపాసిటర్లు ఏరుకొచ్చారు. నూనె కారుతున్నదాన్ని వాసనతోనే పట్టి పక్కన పెట్టేవారు. దుకాణంవాళ్లు ఆవిడ వస్తుంటేనే మొహం ముడుచుకునేవారు. ఇంట్లో బట్టలుతికే చోటు కాస్తా కార్ఖానా అయింది. చెక్క పలక మీద తెల్లటి పింగాణీ కాళ్లు, వాటి మీద రాగి పట్టీలు, ఒక చివర రాగి తీగ చుట్ట. మిషన్ నిమిషంపాటు మెల్లగా పోగుచేసుకున్న కరెంటును రెప్పపాటులో ఆ చుట్టలోకి వదిలేస్తుంది. అందులో ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బా పెడితే, దీపావళి బాంబులాంటి చప్పుడుతో డబ్బా నడుం దగ్గర నొక్కుకుపోతుంది.

మొదటిసారి డబ్బా నొక్కుకుపోయింది గానీ, చుట్టే విచ్చుకుని తీగ గోడకు కొట్టుకుంది. "చూశారా మాస్టారూ, దాన్ని లోపలికి నొక్కినంతా తనూ బయటికి తన్నులు తింది. ఊరికే ఎవరినీ నొక్కలేం" అని నవ్వారు. చుట్టను మళ్లీ బిగించి, చుట్టూ మందపాటి పెట్టె కట్టారు. క్లాసులో చూపించిన రోజు ఒక అమ్మాయి, "ఏదీ ముట్టుకోనే లేదు గదా మేడం, ఎట్ల నొక్కుకుపోయింది?" అని అడిగింది. ఆ ప్రశ్న కోసమే ఇంత చేశానండీ అని ఆవిడ ఎన్నాళ్లు మురిసిపోయారో!

జాగ్రత్త అంటే ఆవిడదే. మిషన్ దగ్గరికి వెళ్లేముందు గాజులు తీసి టిఫిన్ డబ్బాలో వేసేవారు. ఎడమచెయ్యి నడుం వెనక్కి పెట్టుకునేవారు. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుందని. అది ఎంత అలవాటైపోయిందంటే రైతుబజార్లో వంకాయలు కూడా ఒంటిచేత్తోనే ఏరేవారు. "చేతికేమైందమ్మా?" అని కూరగాయలామె జాలిపడేది. పని అయ్యాక, చివర రాగి కొక్కెం ఉన్న పొడుగాటి కర్రతో రాగి పట్టీల రెండు కొసలూ కలిపి, ఆ కర్రను అక్కడే వదిలేసేవారు. "స్విచ్ కట్టేస్తే అయిపోయిందనుకోకండి. లోపల ఇంకా దాచుకునే ఉంటుంది" అనేవారు. ఆ మిషన్ ఆవిడ్ని చంపిందట! ఛీ.

జరిగింది వేరు. పోవడానికి ముందురోజు, సందేహాలు తీర్చే సెషన్‌లో, ఛాతీలో నొప్పిగా ఉంది, ఎడమచెయ్యి లాగుతోంది, వెళ్తానని ప్రిన్సిపాల్‌ని అడిగారు. "గ్యాస్ అయ్యుంటది మేడం. చెయ్యి ఎప్పుడూ ఎనక్కి మలుచుకుంటే గుంజక ఏమైతది? పేరెంట్స్ ఒచ్చిన్రు, జర సెషన్ అయిపోనియ్యుండ్రి" అన్నాడాయన. ఆవిడ నిలబడే సెషన్ పూర్తి చేశారు. నేనా రోజు ఎల్‌బీ నగర్ బ్రాంచిలో ఉన్నాను. ముందు బెంచీ పిల్లలు ఏడుస్తూ చెప్పారు.

సంతాప సభకు ఆ సెషన్ జరిగిన హాల్లోనే ఫ్లెక్సీ కట్టారు. అందులో ఛైర్మన్ మొహం చేటంత, మేడమ్ మొహం పోస్టల్ స్టాంపంత. క్లాసులో చూపించాక స్టోర్ రూములో మూలపడేసిన మిషన్‌ను తెచ్చి బల్లమీద పెట్టి, పింగాణీ కాళ్లకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, రెండు కొసలమీదుగా నీళ్లోడుతున్న బంతిపూల దండ వేశారు. ఆవిడ గౌరవార్థం ఒకసారి పేలుస్తారట. రీలు తీయడానికి కెమెరా అతను సిద్ధంగా ఉన్నాడు. నేను వెళ్లి ప్లగ్గు పీకి, కర్ర తగిలించి, దండ తీసేశాను.

"పూజ చేసిన దండ తీస్తరా సార్? అపచారం గాదా?" అన్నాడు ప్రిన్సిపాల్.

"తడి దండ మీద కరెంటు పెడితే రేపు మీ సంతాప సభ గూడ పెట్టాల్సొస్తది."

గుంటూరు నుంచి వచ్చిన ఆవిడ చెల్లెలు గోడకు ఆనుకుని, మిషన్‌కి వీలైనంత దూరంగా నిలబడి ఉంది. నా దగ్గరికి వచ్చి అడిగింది: "ఏవండీ, ఇదేనా మా అక్కని పొట్టన పెట్టుకుంది? షాకులు తినీ తినీ గుండె ఆగిపోయిందని కాలేజీవాళ్లు ఫోన్ చేసి చెప్పారు."

ఫోన్ చేసి మరీ! "కాదమ్మా. మీ అక్కకు ఇది ఒక్కనాడు గూడ షాక్ కొట్టలే. గీ హాల్లనే నొప్పి అన్నది. పోతనంటే పోనియ్యలే" అని అన్నీ చెప్పాను.

ఆమె కళ్లు తుడుచుకుని నేరుగా ప్రిన్సిపాల్ ముందుకు వెళ్లింది. కెమెరా ఇంకా తిరుగుతూనే ఉంది. "నొప్పి అంటే మా అక్కని ఎందుకు పంపలేదండీ?"

ఆయన ఫ్లెక్సీ వైపు చూశాడు, వాచీ వైపు చూశాడు. "తర్వాత మాట్లాడుకుందామమ్మా. పిల్లలకు సెషన్ ఉన్నది."

"చెప్పేదాకా కూర్చుంటాను" అని ఆమె ముందు బెంచీలో కూర్చుంది. పిల్లలు జరిగి చోటిచ్చారు.

సెషన్ బెల్లు మోగింది. మోగి ఆగిపోయింది. హాల్లో ఒక్కరూ లేవలేదు. ఆమె పక్కనున్న అమ్మాయి తెరిచి ఉన్న టెస్టు పుస్తకాన్ని మూసి ఒళ్లో పెట్టుకుని, ప్రిన్సిపాల్ మొహంలోకి చూస్తూ కూర్చుంది.