అలలు రేపే ఉద్యోగం

తొంభైల్లో బహ్రెయిన్‌లో ఒక్క పూటకు నాకు దుబాసీ హోదా దక్కింది. మా ఇంజినీరు ఇంగ్లండు దొర. ఆయన తండ్రి చుట్టపుచూపుగా వచ్చి, యుద్ధకాలంలో తాను నడిపిన, నీటి మీద దిగే విమానం పడిన చోటు చూస్తానన్నాడు. గలాలీ అనే పల్లెలో ఒక ముసలి పడవాయనకు ఆ చోటు తెలుసట. ఆయనకు హిందీ వచ్చు, ఇంగ్లీషు రాదు; తండ్రికి, అంటే పెద్దదొరకు, ఇంగ్లీషు తప్ప రాదు. నాకు రెండూ వచ్చని ఆఫీసులో నేనే ప్రచారం చేసుకుని ఉన్నాను. చేపలు పడదామని నా రూమ్మేటు, గుంటూరు ఎలక్ట్రీషియను, గాలంతో సహా పడవెక్కాడు.

శుక్రవారం పొద్దున్నే బయల్దేరాం. పెద్దదొర ముందు కూర్చున్నాడు. వెనక ఇంజను దగ్గర పడవాయన నా చెవిలో చెప్పాడు: "భాయ్, ఆ రోజు అలలు రేపాల్సింది నేనే. ఆయనకు చెప్పకు."

సంగతేమిటంటే, సముద్రం మరీ నిశ్చలంగా ఉంటే పైనుంచి అద్దంలా ఉంటుంది. నీళ్ళెంత కిందున్నాయో పైలటుకు అంచనా చిక్కదు. అందుకని విమానం దిగేముందు మోటారు పడవ ఒకటి అక్కడ తిరిగి నాలుగు అలలు రేపాలి. ఇరవయ్యేళ్ళ వయసులో మిలటరీవాళ్ళు ఈయనకిచ్చిన పని అదే. ఇంతకంటే హాయైన ఉద్యోగం గురించి నేను వినలేదు. ఆ రోజు చాయ్ తాగి వెళదామనుకున్నాడు. చాయ్ వేడిగా ఉంది. విమానం ధనామని నీటికి కొట్టుకుని మునిగింది. ఎవరూ పోలేదు. అయిదుగురు తడిశారు.

"యాభై ఏళ్ళకి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. అడిగితే ఏం చెప్పను?" అన్నాడు పడవాయన.

చోటు చేరాక ఇంజను ఆపాడు. పెద్దదొర టోపీ తీశాడు. "అలల పడవ నడిపే మనిషి కనబడితే క్షమాపణ చెప్పుకోవాలి. పడవ ఇంకా రాలేదు, ఆగమని రేడియోలో చెప్తూనే ఉన్నారు. నేనే తొందరపడి దించాను. నింద అతని మీద పడిందేమో!"

హిందీలో చెప్పాను.

పడవాయన లేచి నిలబడ్డాడు. "ఆ మనిషిని నేనే! తప్పు నాది!"

"కాదు, నాది," అన్నాడు పెద్దదొర.

"ఏంది గురూ, తప్పు నాదంటే నాదని కొట్టుకుంటన్నారు?" అన్నాడు రూమ్మేటు. "మన సైట్లో ఇట్టాంటోడు ఒక్కడన్నా ఉన్నాడా?"

అంతలో పడవాయనకు ఏదో తట్టింది. "ఆగు! అంటే తప్పు తనదని ఈయనకు ముందే తెలుసా? యాభై ఏళ్ళు! ఒక్క ఉత్తరం రాయలేకపోయాడా?"

కొంచెం పల్చన చేసి ఇంగ్లీషులో చెప్పాను. అడ్రసు తెలియలేదన్నాడు పెద్దదొర.

"ఆకాశం నుంచి గలాలీ కనబడింది గానీ, అడ్రసు తెలియలేదా!"

ఒడ్డు చేరేదాకా ఆయన తిడుతూనే ఉన్నాడు, నేను పల్చన చేస్తూనే ఉన్నాను. దిగేటప్పటికి ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఉన్నారు. నా దుబాసీ శ్రమంతా వృథా.