తొమ్మిదో వరస

మొన్న చింతపండు ప్యాకెట్ కత్తిరించగానే లేచిన పుల్లటి వాసన నన్ను మెదక్‌లో మా పాత ఇంటి బండల మీదికి లాక్కుపోయింది. ఎండాకాలం నాయనమ్మ అక్కడే కూర్చుని చింతపండు కొట్టేది. గింజలు గడప దాటి, మంచాల కిందికి దొర్లి, పప్పులో కూడా వచ్చేవి.

ఒక ఎండాకాలం, జ్వరం తగ్గని అక్క దర్వాజ పక్కన మంచం మీద పడుకుని ఆ గింజలతో ఒక ఆట కనిపెట్టింది. లేవలేని మనిషి కనిపెట్టిన ఆట కనుక నడుము వంచే పనంతా నాదే. సుద్దముక్కతో అటు పదిహేడు, ఇటు పదిహేడు గళ్లు గీయించి, నడుమ ఒక గింజ పెట్టించింది. ఇక ప్రతి వరసలో, అంటే ప్రతి విడతలో, నాలుగు పక్కల్లో సరిగ్గా ఒక్క పక్కనే గింజ ఉన్న ఖాళీ గళ్లన్నిట్లో ఒకేసారి కొత్త గింజలు పెట్టాలి. రెండు పక్కల ఉంటే పెట్టకూడదు. నడుమ గింజతో మొదలెట్టి, ఒక్కో వరసకు ఒకటి, నాలుగు, నాలుగు, పన్నెండు, నాలుగు, పన్నెండు, పన్నెండు పడ్డాయి. ఎనిమిదో వరసకు ఏకంగా ముప్పయ్యారు. బండల మీద ఎనభై అయిదు గింజల పువ్వు విచ్చుకుంది.

నాలుగు, పన్నెండు, ముప్పయ్యారు అని మూడేసి రెట్లు చూసిన నేను గంప నింపుకుని సిద్ధమయ్యాను.

"అక్కా, ఇగ నూటెనిమిది పడ్తయి!"

"నాలుగే పడ్తయి రా. ఒక్క గింజనే తాకే గళ్లు కొనలకాడ నాలుగే ఉన్నయి, జర సూడు."

"నీకు లెక్కలు రావు, పో!"

అంతలో ఆటో వచ్చింది. ఆమెను హైదరాబాద్ దవఖానకు తీసుకుపోతున్నారు. "ముట్టకు తమ్మీ, నేనొచ్చినంక పెడ్దాం" అంది. నేను అలిగి మొహం తిప్పుకున్నాను.

ఆమె వచ్చింది, కానీ ఆడటానికి కాదు. ఆ రోజు ఏడుస్తూ లోపలికి పరుగెత్తుకొచ్చిన పెదనాయన ఆ గింజల మీద కాలుజారి వెల్లకిలా పడ్డాడు. ఇల్లంతా ఏడుస్తుంటే నవ్వింది నేనొక్కణ్నే, దెబ్బలు తిన్నదీ నేనొక్కణ్నే. గింజలన్నీ ఊడ్చేశారు.

మరుసటి ఎండాకాలం మొదటి నుంచి మళ్లీ పేర్చాను. తొమ్మిదో వరసకు నాలుగే పడ్డాయి. ఓడిపోయానని చెప్పడానికి దర్వాజ పక్కన మంచం కూడా లేదు.

ఇప్పుడు ఆ బండల మీద నున్నటి టైల్స్ వేశారు, నాయనమ్మ లేదు, ఇంట్లో చింతపండు కొట్టేవాళ్లూ లేరు. ఫోన్‌లో ఈ ఆట వందో వరస దాకా క్షణంలో పూస్తుంది, ఎవరూ జారిపడరు. 'గింజలు లేనిది' అని రాసి ఉన్న మొన్నటి ప్యాకెట్‌లో మాత్రం ఒకటి దొరికింది. కడిగి కిటికీలో పెట్టాను. తొమ్మిదో వరసకు ఇంకా మూడు కావాలి.