అన్న పారేసుకున్న పది అంకెలు

నానా తంటాలు పడి పదో తరగతి లెక్కల్లో గట్టెక్కిన మా అన్న, ఒకరోజు నాకు సంఖ్యల గుణాలు చెప్పడానికి కూర్చున్నాడు. నేను ఇబ్రహీంపట్నంలో జూనియర్ కాలేజీ పిల్లలకు లెక్కలు చెప్తాను. ఆయన అదే ఊళ్లో బోరు మోటార్లు బాగుచేస్తాడు.

"నా ఫోన్ నంబర్ కలిపితె ఎనిమిది వస్తున్నదట చెల్లె. ఎనిమిదంటె శని. తొమ్మిదొచ్చేది తీసుకోవాలె."

చెప్పింది హయత్‌నగర్‌లో బోర్డు పెట్టుకున్న సంఖ్యా జ్యోతిష్యుడు. పది అంకెలూ కలిపి, వచ్చినదాన్ని మళ్లీ కలిపి, ఒక్క అంకె మిగిలేదాకా కలపడం తప్ప ఆ మనిషికి ఇంకో లెక్క రాదు. తొమ్మిదితో భాగిస్తే మిగిలే శేషం అది. బడిపిల్లలు భాగహారం సరిచూసుకునే చిట్కాకు శని అని పేరు పెట్టి, దుకాణం తెరిచాడు.

నాకు ఆ నంబరంటే ముచ్చట. ఒక పూట ఊరికే కంప్యూటర్‌లో వేసి చూస్తే ప్రధాన సంఖ్య అని తేలింది. ఒకటీ, తానూ తప్ప ఏ సంఖ్యా దాన్ని నిశ్శేషంగా భాగించలేదు. ఆ సంగతి చెప్తే అన్న, "గది మంచిదా, చెడ్డదా?" అని అడిగాడు. రెండూ కాదన్నాను. "మరెందుకది?" అని మొహం తిప్పుకున్నాడు.

మా వైపు మెకానిక్ మోటారు బిగించాక, పొలంలోని స్టార్టర్ డబ్బా మూత మీద తన నంబరు పెయింటుతో రాసి వస్తాడు. కందుకూరు దాకా ఎన్ని మూతల మీద తన నంబరుందో అన్నకే తెలియదు. మోటారు కాలిన రైతు ఆ మూత చూసే ఫోన్ చేస్తాడు. ఆయన బతుకంతా ఆ మూతల మీదే ఉంది. మరి ఆ మూతల సంగతేమిటని అడిగాను.

"తొమ్మిదొస్తె ఫోన్లు అవే వస్తయి. నీకెందుకు ఫికర్?"

పాత నంబరు వదిలేశాడు. కొత్తది తొమ్మిది సమాన ముక్కలుగా తెగే సంఖ్య. ఎండాకాలం వచ్చింది, మోటార్లు వరసగా కాలాయి, అన్న షాపులో ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు.

అప్పుడు చూపించాను. ఫోన్‌లో ఏ నంబరైనా ముందు మన దేశం కోడ్ తొంభై ఒకటితోనే కదా కనబడేది. ఆ రెండంకెలు కలిపితే పది, అంటే ఒకటి. పాత ఎనిమిదికి చేరిస్తే నిండు తొమ్మిది. కొత్త తొమ్మిదికి చేరిస్తే మళ్లీ ఒకటి. చేతిలో ఉన్న తొమ్మిదిని పారేసి తొమ్మిది కోసం పరిగెత్తాడు మహానుభావుడు. ఆ జ్యోతిష్యుడి బోర్డు మీద కూడా తొంభై ఒకటి రాసి ఉంది. కూడిక కూడా పూర్తిగా రాని శాస్త్రం.

అన్న వేళ్ల మీద కలిపి చూసుకున్నాడు. "ముందుగాల చెప్పొద్దా?" అని నా మీదే విసుక్కున్నాడు. పాత నంబరు ఇంకా ఖాళీగా ఉందేమోనని స్పీకర్ పెట్టి ఫోన్ చేశాడు. ఎవరో వెంటనే ఎత్తారు.

"మోటర్ కాలిందా అన్నా? నాకు గీ పని రాదు గని, మస్తు ఫోన్లొస్తున్నయని ఇద్దరు మెకానిక్‌లను పెట్టుకున్న. పొలం యాడనో జర చెప్పు, మనిషిని పంపిస్త."



"మోటర్ కాలలే తమ్మీ," అన్నాడు అన్న. "నేను గూడ మెకానిక్‌నే. ఇంకొక మనిషి గావాల్నా?"