చుక్కలున్న 'గ'

అమెరికాలో, మిషిగన్‌లోని నోవైలో నేను పనిచేసే కార్ల విడిభాగాల కంపెనీ జపాన్ వాళ్లది. అక్కడి నుంచి వచ్చిన ఉద్యోగుల పేర్లు మా రికార్డుల్లో హిరాగానా అనే జపాన్ లిపిలోనే ఉంటాయి. వాటిని కొత్త సిస్టంలోకి మార్చే పని నాకిచ్చారు. భాష రాదుగానీ, అక్షరాలంటే నాకు మహా పిచ్చి. 'క'కు రెండు చిన్న చుక్కలు పెడితే 'గ' అయిపోతుందని తెలిసిన రోజు ఎంత ముచ్చటపడ్డానో.

కంప్యూటర్ ప్రతి అక్షరాన్నీ నంబరుగానే దాచుకుంటుంది. మన 'కి'కి రెండు నంబర్లు: 'క'కు ఒకటి, గుడికి ఒకటి. జపాన్ 'గ' కూడా అంతేనని, ఎవరినీ అడక్కుండా నాకు నేనే తేల్చేసుకుని, 'క'నూ చుక్కలనూ విడదీసి పేర్లన్నీ ఎక్కించేశాను.

కొత్త సిస్టంలో హెల్త్ ఇన్సూరెన్స్ ఫారాలు నింపడానికి అది ఆఖరి రోజు. మూడున్నరకు క్వాలిటీ విభాగంలోని జపాన్ పెద్దావిడ నా దగ్గరకు వచ్చింది.

"నా పేరు కొడితే రావడం లేదు. ఐదింటికి క్లోజ్ చేసేస్తారట."

ఫారం నింపకపోతే వచ్చే ఏడాదంతా ఆవిడకు ఇన్సూరెన్స్ ఉండదు. నా లిస్టులో పేరు కనిపిస్తూనే ఉంది. "ఇదుగో, ఉందిగా," అని కాస్త విసురుగానే చూపించాను.

"టైపింగ్ మిస్టేక్ చేసుంటది అక్కా, లైట్ తీస్కో," అంది పక్క సీటు అమ్మాయి తెలుగులో.

ఆవిడ నా కీబోర్డ్ మీదే తన పేరు కొట్టింది. ఏమీ రాలేదు. రెండు పేర్లూ చూడ్డానికి ఒక్కలాగే ఉన్నాయి. నంబర్లు బయటికి తీశాను. ఆవిడ కొట్టిన 'గ'కు చుక్కలతో కలిపి ఒక్కటే నంబరు; నేనెక్కించినదానికి రెండు, అందుకే కంప్యూటర్‌కు అవి వేరు వేరు పేర్లు. జపాన్‌లో అందరూ వాడేదీ అదేనట.

"తప్పు నాదేనండీ," అని ఆవిడ పేరు సరిచేశాను. సెర్చ్‌లో వెంటనే వచ్చింది. ఆవిడ మాత్రం కదల్లేదు.

"ఈ అక్షరం ఉన్నవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు అడగడానికి రారు."

"ఎందుకు రారు?"

"తామే తప్పు కొట్టామనుకుంటారు."

సిగ్గుతో చచ్చిపోయాను. నేను ఒక్కో పేరూ సరిచేస్తుంటే, ఆవిడ పక్కనే కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. ప్రతి ఫోన్‌లోనూ మొదటి మాట ఒకటే వినిపిస్తోంది. ఉండబట్టలేక, మీరు ముందుగా ఏమంటున్నారని అడిగాను.

"మీ తప్పు కాదు అంటున్నాను," అంది.

అందరి తర్వాత తన ఫారం నింపుకుంది. అప్పటికి ఐదు కావడానికి ఇంకా రెండు నిమిషాలున్నాయి.